త్రీ పీస్ అల్లాయ్ చక్రం: మెరుపు వెనక బిగింపు లెక్క

పాత అల్లాయ్ వీల్‌కి కొత్త కళ తేవడమంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది పెయింట్. అంచులు గీసుకుపోయాయి, రంగు లేచిపోయింది, మెరిసే భాగం మసకబారింది. లప్పం పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ మీద సిల్వర్ స్ప్రే కొడితే పని అయిపోయినట్టే. ఒకే ముక్కగా పోత పోసిన మామూలు చక్రానికి ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది. రెండు మూడు ముక్కల్ని బోల్టులతో బిగించి చేసిన చక్రానికి సరిపోదు. అక్కడ పెయింట్ చిన్న పని. పెద్ద పని విప్పడం, మళ్లీ బిగించడం. దీన్ని ఇంజిన్ విప్పి బిగించడంతో పోల్చాలి గానీ గేటుకు రంగు వేయడంతో కాదు.

ఈ రకం చక్రాల గురించి మాట్లాడితే బీబీఎస్ కంపెనీ ఆర్ఎస్ చక్రం పేరు రాకుండా ఉండదు. జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ కొండల మధ్య షిల్టాఖ్ అనే చిన్న ఊరుంది. హైన్రిష్ బౌమ్‌గార్ట్‌నర్, క్లౌస్ బ్రాండ్ కలిసి 1970లో అక్కడ మొదలుపెట్టిన కంపెనీ అది. ఇద్దరి పేర్లలో రెండు ‘బీ’లు, ఊరి పేరులో ‘ఎస్’ కలిపితే బీబీఎస్. మొదట్లో వాళ్లు చేసింది చక్రాలు కాదు, కార్లకు ప్లాస్టిక్ బాడీ భాగాలు. 1972లో రేసు కార్ల కోసం మూడు ముక్కల చక్రం చేశారు. ఆ ఆలోచననే మామూలు రోడ్డు కార్లకు తెచ్చిన ఆర్ఎస్ 1983లో వచ్చింది. జల్లెడలా అల్లుకున్న పుల్లలు (స్పోకులు), చుట్టూ వరుసగా చిన్న బోల్టులు, బయట అద్దంలా మెరిసే అంచు ఉంటాయి దానికి. నలభై ఏళ్లు దాటినా దాని నకళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. జపాన్‌లో 1971లో మొదలైన స్పీడ్ స్టార్ (ఎస్ఎస్ఆర్), 1977లో మొదలైన వర్క్ కూడా ఇలాంటి చక్రాలతోనే పేరు తెచ్చుకున్నాయి.

రేసుల్లో మూడు ముక్కలు ఎందుకంటే వెడల్పు మార్చుకోవడానికి, దెబ్బ తిన్న ముక్కను మాత్రమే మార్చుకోవడానికి. ట్రాక్ అంచు గట్టుకు తగిలి బయటి అంచు వంగితే చక్రమంతా పారేయాల్సిన పని లేదు. ఆ ఒక్క అంచు విప్పి కొత్తది బిగిస్తే చాలు. దశాబ్దాల తర్వాత ఈ చక్రాల్ని బాగుచేసుకునేవాళ్లకు అక్కరకొస్తున్నది కూడా ఈ గుణమే. ఒకే ముక్క చక్రంలో వంపు తీయాలంటే వేడి చేసి జాకీతో నెట్టాలి, పగులు ఉంటే వెల్డింగ్ చేయాలి. మూడు ముక్కల చక్రంలో ఆ రెండూ తప్పించుకోవచ్చు.

ముక్కల పేర్లు ముందే చెప్పుకుంటే తర్వాత తికమక ఉండదు. హబ్‌కి (ఇరుసు చివర చక్రం ఎక్కే భాగానికి) బిగించే నడిమి భాగం సెంటర్. బయటికి కనిపించే గిన్నె అంచు లాంటిది లిప్. లోపలి వైపు, బ్రేకుల చుట్టూ ఉండే పొడవైన డ్రమ్ము బ్యారెల్. లిప్, బ్యారెల్ సాధారణంగా అల్యూమినియం రేకును తిప్పుతూ ఆకారానికి నొక్కి చేసినవి, సెంటర్ పోత పోసినదో ఫోర్జ్ చేసినదో (లోహపు దిమ్మను గట్టిగా నొక్కి చేసినదో). టూ పీస్ అయితే లిప్, బ్యారెల్ కలిసి ఒకే ముక్కగా ఉంటాయి.

కొనేటప్పుడే చూసుకోవాల్సినది ఒకటుంది. బయట కనిపించే బోల్టులన్నీ నిజం బోల్టులు కావు. మన దగ్గర యాక్సెసరీ షాపుల్లో వేలాడే చక్రాల్లో చాలావాటికి ఆ బోల్టు తలలు అలంకారానికి అంటించినవే, చక్రం మాత్రం ఒకే పోత. వెనక్కి తిప్పి చూస్తే తెలిసిపోతుంది. నిజమైన దానికి వెనక నట్లో, మరలున్న రంధ్రాలో, ముక్కలు కలిసే అతుకో కనిపిస్తాయి. మనం ఇప్పటికీ అన్నిటినీ ‘మ్యాగ్ వీల్స్’ అనే అంటాం. మెగ్నీషియంతో చేసిన రేసు చక్రాల నుంచి వచ్చిన పేరది, రోడ్డు మీద తిరిగేవి మాత్రం దాదాపు అన్నీ అల్యూమినియమే. ఈ తేడా మాటవరసకు చెప్పేది కాదు. మెగ్నీషియం యాసిడ్‌కు తట్టుకోదు, ఆల్కలీకి తట్టుకుంటుంది. అల్యూమినియాన్ని రెండూ తినేస్తాయి. ఏ లోహమో తెలియకుండా క్లీనర్ పోయడం ప్రమాదం.

విప్పడం

టైరు తీశాక ముందు చేయాల్సింది గుర్తులు పెట్టడం. వాల్వ్ రంధ్రాన్ని ఆధారం చేసుకుని మూడు ముక్కల మీదా ఒకే వరుసలో గుర్తు పెట్టాలి, నాలుగు చక్రాలకూ నంబర్లు వేయాలి. ఏళ్ల తరబడి కలిసి తిరిగిన ముక్కలు ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి. గుర్తు లేకుండా కలిపేస్తే తర్వాత చక్రం ఊగుతున్నప్పుడు కారణం వెతకలేక తల పట్టుకోవాలి.

తర్వాత బోల్టులు. ఒక్కో చక్రానికి ముప్పై దాకా ఉంటాయి, కొన్ని సైజుల్లో ఇంకా ఎక్కువ. నాలుగు చక్రాలకు కలిపి నూటికి పైమాటే. మొండికేసేవి వాటిలో కొన్ని తప్పకుండా ఉంటాయి. కారణాలు రెండు. ఒకటి తుప్పు. ఉక్కు బోల్టు, అల్యూమినియం రంధ్రం, మధ్యలో ఉప్పు తేమ కలిస్తే అది చిన్న బ్యాటరీ. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. దాని నుంచి వచ్చే తెల్లటి పొడి ఉబ్బి బోల్టును పట్టేస్తుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే జర్మనీ, ఇంగ్లండ్, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో తిరిగిన చక్రాల్లో ఇది మరీ ఎక్కువ. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలి కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే నిదానంగా.

రెండో కారణం కంపెనీలో పూసిన జిగురు, అంటే థ్రెడ్ లాకర్. గట్టి రకం థ్రెడ్ లాకర్ మెత్తబడాలంటే సుమారు 250 డిగ్రీల వేడి కావాలి. ఇక్కడే చిక్కు. చక్రం బలమంతా వేడితో చేసిన చికిత్స మీద ఆధారపడి ఉంటుంది. మెగ్నీషియం, సిలికాన్ కలిపిన అల్యూమినియాన్ని బాగా వేడి చేసి, నీళ్లలో చల్లార్చి, తర్వాత 150 నుంచి 180 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఉంచితే లోహంలో అతి సన్నని కణాలు ఏర్పడి గట్టిపడుతుంది. టీ6 అని ముద్రించి ఉండేది ఈ స్థితినే. అదే లోహం అంతకన్నా ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంటే ఆ కణాలు పెద్దవై బలం తగ్గిపోతుంది. కంటికి ఏ తేడా కనిపించదు. అందుకే గ్యాస్ మంట పెట్టి చక్రాన్ని కాల్చడం తప్పు. వేడిని బోల్టు తలకే పరిమితం చేయాలి. పెద్ద సోల్డరింగ్ ఐరన్ మొనను బోల్టు తల మీద కాసేపు ఆనిస్తే చాలాసార్లు పని జరిగిపోతుంది. ఓపిక కావాలంతే.

బోల్టులన్నీ వచ్చాక కూడా ముక్కలు విడిపోవు. పాత సిలికాన్ సీలెంట్ పట్టి ఉంచుతుంది. ప్లాస్టిక్ బ్లేడుతో అంచు కోసి, చెక్క దిమ్మ మీద పెట్టి రబ్బరు సుత్తితో చుట్టూ కొంచెం కొంచెంగా కొట్టాలి. స్క్రూడ్రైవర్ దూర్చి తెరిస్తే అతుకు ముఖం మీద గీత పడుతుంది. రేపు గాలి లీకయ్యేది ఆ గీతలోంచే.

పాత రంగు, పాత పాపాలు

రంగు తీయడానికి రసాయనం వాడొచ్చు, బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో రేణువులు కొట్టడం) చేయించొచ్చు. ఒకప్పుడు ఎన్నో పెయింట్ రిమూవర్లలో ఉండే డైక్లోరోమీథేన్ చాలా బాగా పనిచేసేది. మూసిన గదుల్లో ఆ ఆవిరి పీల్చి మనుషులు చనిపోవడంతో అమెరికా 2019లో మామూలు జనానికి వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఇక మన దగ్గర బ్లాస్టింగ్ అంటే చాలా షాపుల్లో ఇప్పటికీ ఇసుకే. గేట్లకు, ఛాసిస్‌లకు సరే గానీ మెత్తటి అల్యూమినియం మీద ఇసుక గుంటలు పెడుతుంది, పదునైన అంచుల్ని అరగదీస్తుంది. ఆ దుమ్ము పీల్చే పనివాడి ఊపిరితిత్తులు సిలికోసిస్ అనే జబ్బు పాలవుతాయి. గాజు పూసలతోనో, ప్లాస్టిక్ గుళికలతోనో తక్కువ ఒత్తిడిలో చేయించాలి. అతుకు ముఖాలు, బోల్టు రంధ్రాలు, హబ్‌కి ఆనే భాగం టేపుతో మూసి ఉంచాలి.

రంగు పోయాక చక్రం అసలు స్థితి బయటపడుతుంది. పాత లప్పం రాలి గుంటలు కనిపిస్తాయి. ఎవరో ఎప్పుడో చేసిన వెల్డింగ్ కనిపిస్తుంది. పుల్లలు కలిసే మూలల్లో, హబ్ బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుక సన్నని పగుళ్లుంటే ఈ దశలోనే దొరుకుతాయి. దీనికి డై పెనిట్రెంట్ పరీక్ష ఉంది. ఎర్రని ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే పగుల్లో దాగిన ఎరుపు గీతలా పైకి వస్తుంది. అర పూట పని, ఖర్చు కూడా తక్కువే. అయినా బయట చేయించే పదిమందిలో ఒక్కరు కూడా దీన్ని అడగరేమో. సెంటర్లో పగులు ఉంటే దాన్ని గోడకు అలంకారంగా పెట్టుకోవాలి, కారుకు కాదు. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల లోహం టీ6 బలం కోల్పోతుంది, మరో పగులు ఆ పక్కనే పుడుతుంది. లిప్ పగిలితే కొత్త లిప్ తెచ్చుకోవచ్చు కదా, మూడు ముక్కల చక్రానికి ఉన్న సౌకర్యమే అది.

లిప్ మెరుపు దగ్గర ఒక సమస్య ఉంది, దానికి పూర్తి పరిష్కారం లేదు. చాలా పాత లిప్‌ల మీద అనోడైజింగ్ పొర (కరెంటుతో గట్టిపరిచిన పైపొర) ఉంటుంది. ఆ పొర అల్యూమినియం ఆక్సైడ్, మామూలు ఇసుక కాగితం మీద ఉండే రాపిడి రేణువు కూడా అదే. ఒకే గట్టిదనం ఉన్న రెండూ రాసుకుంటే చేతులు నొప్పెట్టడమే మిగులుతుంది. పలచటి కాస్టిక్ సోడా ద్రావణంతో ఆ పొర కరిగించి, నల్లబడగానే కడిగేయాలి. ఒక్క నిమిషం ఆదమరిస్తే లోపలి లోహాన్ని కూడా తినడం మొదలెడుతుంది, మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఆరుబయట, కళ్లకు అద్దాలు పెట్టుకుని చేయాల్సిన పని. తర్వాత 320తో మొదలుపెట్టి 400, 600, 800, 1000, 1500, 2000 దాకా తడి రాపిడి. ప్రతి నంబరులోనూ ముందు నంబరు గీతలన్నీ పోయాకే తర్వాతది పట్టాలి. ఆ మీదట బఫింగ్. ఇంత చేసి మెరుపు తెచ్చాక ప్రశ్న: క్లియర్ (రంగులేని పారదర్శక పూత) కొట్టాలా, అలాగే వదిలేయాలా?

వదిలేస్తే కొన్ని వారాలకే మసక పడుతుంది, మళ్లీ పాలిష్ పెట్టుకోవాలి. క్లియర్ కొడితే అద్దంలాంటి నునుపు మీద అది గట్టిగా పట్టుకోదు. ఎక్కడో చిన్న రాయి తగిలి చిట్లితే ఆ సందులోంచి తేమ, ఉప్పు దూరి క్లియర్ కింద పురుగు పాకినట్టు తెల్లటి గీతలు మొదలవుతాయి. ఫిలిఫార్మ్ కరోజన్ అంటారు. ఒకసారి మొదలైతే మళ్లీ మొత్తం తీసి చేయాల్సిందే. వారాంతాల్లో మాత్రమే బయటికి తీసే కారుకు ఏ పూతా లేని మెరుపే నయం. రోజూ వానలో, ఎండలో తిరిగే కారుకు అసలు అద్దం మెరుపు ఎందుకు? సన్నని గీతలుండే బ్రష్డ్ రకానికి క్లియర్ బాగా పడుతుంది, చూడటానికీ హుందాగా ఉంటుంది.

సెంటర్‌కు పౌడర్ కోటింగ్, అంటే రంగు పొడి చల్లి ఓవెన్‌లో కరిగించి పట్టించేది, గట్టి పూత. దాన్ని 180 నుంచి 200 డిగ్రీల్లో పది ఇరవై నిమిషాలు కాలుస్తారు. పైన చెప్పిన టీ6 సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. ఒకసారి కాలిస్తే భయపడాల్సింది లేదు, చాలా కంపెనీలు తమ చక్రాలకు ఇలాగే వేస్తాయి. రంగు నచ్చలేదని మూడు నాలుగుసార్లు కాల్పించడం, ఓవెన్‌లో గేట్ల పక్కన పెట్టి గంటసేపు మరిచిపోవడం, ఇవీ సమస్యలు. పోతలోని సన్నని రంధ్రాల్లో చిక్కిన గాలి, నూనె ఓవెన్‌లో బుడగలుగా పైకొచ్చి పూతలో సూది పోట్లు పెడతాయి కాబట్టి ముందు ఖాళీ చక్రాన్ని ఒకసారి వేడి చేసి వాటిని వదిలించాలి.

యాభై మైక్రాన్ల సంగతి

చక్రం మీద పడే బరువును, బ్రేకు దెబ్బను మోసేది బోల్టులు కాదు. ముక్కల మధ్య రాపిడి. బోల్టులు ముక్కల్ని ఎంత గట్టిగా నొక్కి పట్టుకుంటే రాపిడి అంత ఎక్కువ, ముక్కలు ఒకదాని మీద ఒకటి జారవు. నొక్కుడు తగ్గితే ముక్కలు సన్నగా కదలడం మొదలవుతుంది, అప్పుడు భారం బోల్టు మీద అడ్డంగా పడుతుంది. ప్రతి తిరుగుడుకూ వంగి, చివరికి అలసి తెగుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఆర్ఎస్ లాంటి చక్రాల్లో బోల్టు మందం 7 మిల్లీమీటర్లు. బిగింపు పొడవు 20 మిల్లీమీటర్లు, బోల్టులో ఒత్తిడి 500 మెగాపాస్కల్స్ అనుకుందాం. సాగదీతను ఎదిరించే ఉక్కు గుణం (ఇలాస్టిక్ మాడ్యులస్) సుమారు 200 గిగాపాస్కల్స్, అంటే 200 వేల మెగాపాస్కల్స్. 500ను 200 వేలతో భాగించి 20తో గుణిస్తే 0.05 మిల్లీమీటర్లు, అంటే 50 మైక్రాన్లు. బిగించినప్పుడు బోల్టు సాగేది అంతే. ఆ యాభై మైక్రాన్ల స్ప్రింగే ముక్కల్ని పట్టి ఉంచుతోంది. పౌడర్ కోటింగ్ పొర మందం మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్లు. అతుకు ముఖాల మధ్య ఆ పొర ఉంటే, అది ప్లాస్టిక్ కాబట్టి ఒత్తిడికి, బ్రేకుల వేడికి కొంచెం కొంచెం నలుగుతుంది. ఇరవై మైక్రాన్లు నలిగినా నొక్కుడులో దాదాపు నలభై శాతం పోయినట్టే. పైకి బోల్టు బిగుసుగానే కనిపిస్తుంది.

అందుకే అతుకు ముఖాలకు, బోల్టు తల ఆనే చోటుకు, హబ్ ముఖానికి, లగ్ నట్ (చక్రాన్ని హబ్‌కి బిగించే నట్టు) కూర్చునే గుంటకు రంగు పడకూడదు. చూడటానికి అందంగా మూలమూలలా రంగు నింపిన పని నిజానికి చెడ్డ పని. ఓవెన్ షాపులో ముందే చెప్పి టేపు, సిలికాన్ మూతలు పెట్టించడం యజమాని బాధ్యత, ఎందుకంటే కోటింగ్ వేసేవాడికి ఏ ముఖం దేనికి ఆనుతుందో తెలిసే అవకాశం తక్కువ.

బోల్టుల ఎంపికలోనూ మెరుపు మోసం చేస్తుంది. 7 మిల్లీమీటర్ల బోల్టు మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరకదు, 6, 8 దొరుకుతాయి. రంధ్రం పెద్దది చేసి 8 వేయించేద్దామని లేత్ షాపులో ఎవరైనా అంటే వద్దనాలి. రంధ్రాల మధ్య లోహం తగ్గుతుంది, వరుస తప్పుతుంది. ఇంకొందరు తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ వేస్తారు. మామూలు ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ బోల్టు తట్టుకునేది 700 మెగాపాస్కల్స్, 10.9 గ్రేడు ఉక్కు బోల్టు 1000 దాకా తట్టుకుంటుంది. పైగా తను తుప్పు పట్టకుండా పక్కనున్న అల్యూమినియాన్ని తుప్పుకు బలి చేస్తుంది. సరైన గ్రేడులో పూత వేసిన ఉక్కు బోల్టులు, డబ్బుంటే టైటానియం బోల్టులు, ఆ చక్రాల కోసమే చేసి అమ్మేవాళ్లున్నారు. పాతవాటిని బఫింగ్ పట్టి మళ్లీ వాడటం పొదుపు అనిపించుకోదు.

టార్క్ రెంచ్ (ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే రెంచ్) ఉంటే చాలనుకోవడం ఇంకో భ్రమ. రెంచ్ మీద పెట్టిన బలంలో దాదాపు తొంభై శాతం తల కింద, మరల్లో రాపిడికే ఖర్చయిపోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పది శాతం. కాబట్టి మరకు నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే రీడింగు దగ్గర బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది. పొడి మరకు ఇచ్చిన అంకెను నూనె రాసిన మరకు వాడితే 7 మిల్లీమీటర్ల బోల్టు చేతిలోనే తెగొచ్చు. అంకె ఎంత, మర పొడిగానా తడిగానా అన్న రెండూ కలిపి ఆ చక్రం తయారీదారు చెప్పినట్టే పాటించాలి. బిగించడం ఒక పక్క నుంచి వరుసగా కాదు. ఎదురెదురుగా, మూడు విడతల్లో, కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి.

చివరి విడతకు ముందు డయల్ గేజ్ (సన్నని తేడాలు కొలిచే ముల్లు గేజ్) పెట్టి చక్రం తిప్పి చూడాలి. పక్కకు ఊగుతోందా, పైకీ కిందకీ లేస్తోందా అని రెండు వైపులా కొలవాలి. ఊగితే కొన్ని బోల్టులు వదులు చేసి రబ్బరు సుత్తితో సరిదిద్ది మళ్లీ కొలవాలి. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద సీసం ముక్కలు అంటిస్తే బరువు తేడా పోతుంది గానీ గుండ్రం రాదు. ఈ దశలో గంట గడిపితే తర్వాత స్టీరింగ్ వణుకుడు టెన్షన్ ఉండదు.

లిప్ మార్చి వెడల్పు పెంచుకునేవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. 8 అంగుళాల వెడల్పు, 20 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు మధ్య గీతకూ హబ్‌కి ఆనే ముఖానికీ మధ్య దూరం) ఉన్న చక్రానికి ఒక అంగుళం పెద్ద లిప్ వేస్తే వెడల్పు 9 అవుతుంది. బయటి అంచు 25.4 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, ఆఫ్‌సెట్ 12.7 తగ్గి 7.3 అవుతుంది. ఫెండర్‌కు తగులుతుందా, బేరింగ్ మీద భారం ఎంత పెరుగుతుందన్నది కొనే ముందే చూడాలి. బయటి వైపు వెడల్పు పెంచడం తేలిక కాబట్టి అందరూ అదే చేస్తారు, తర్వాత ఫెండర్ అంచులు కొట్టిస్తారు.

ఇక సీలింగ్. లిప్, బ్యారెల్ కలిసే అతుకు మీద టైరు వైపున సిలికాన్ సీలెంట్ తెగకుండా ఒక గీతగా పూసి, తడి వేలితో అతుకులోకి నొక్కాలి. అంతకు ముందు ఆ చోటు నూనె జిడ్డు లేకుండా సాల్వెంట్‌తో తుడవాలి. సబ్బు నీళ్లు సరిపోవు. వెల్డింగ్‌తో అతుకు మూయించుకునేవాళ్లు ఉన్నారు, లీకు రాదు నిజమే. కానీ మళ్లీ ఎప్పుడూ విప్పలేరు, లిప్ వంగితే మార్చలేరు. మూడు ముక్కల చక్రం కొని ఒకే ముక్క చేసుకున్నట్టు.

సీలెంట్‌కు కనీసం ఒక రోజు ఆరే సమయం ఇవ్వాలి. తొందరపడి సాయంత్రానికే టైరు ఎక్కిస్తే బీడ్ (టైరు లోపలి గట్టి అంచు) జారేటప్పుడు పచ్చి సీలెంట్‌ను గీకేస్తుంది. టైరు ఎక్కించి గాలి నింపాక పంక్చర్ షాపు నీళ్ల తొట్టిలో పూర్తిగా ముంచి చూడాలి. బుడగలు బోల్టు దగ్గరి నుంచి వస్తున్నాయా, వాల్వ్ దగ్గరా, బీడ్ దగ్గరా అన్నదాన్ని బట్టి తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. తొట్టిలో ఏమీ కనబడకపోయినా ఒక రాత్రి ఉంచి ఉదయం ప్రెషర్ చూసుకోవాలి.

కారుకు బిగించే ముందు చిన్న పని ఒకటి మిగులుతుంది. చక్రం వెనక ప్రతి నట్టు మీద నుంచి బ్యారెల్ మీదకు పెయింట్ మార్కర్‌తో ఒక సన్న గీత గీయాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక చక్రం తీసి చూస్తే, గీత విరిగి రెండు ముక్కలుగా కనిపించిన చోట నట్టు కదిలినట్టు.